మెటల్ డిటెక్టర్: చెవితో నేర్చుకునే విద్య

మెటల్ డిటెక్టర్ చేసే పని చిన్నది. నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, అక్కడ లోహమేదైనా ఉంటే ఆ క్షేత్రంలో వచ్చే మార్పును శబ్దంగా వినిపిస్తుంది. ఆ శబ్దం వెండి నాణేనిదా, తుప్పు పట్టిన మేకుదా, కూల్‌డ్రింకు డబ్బా రేకుదా అన్న తీర్పు యంత్రాన్ని పట్టుకున్న మనిషిదే. పెట్టెలోంచి తీసిన రోజే యంత్రం మోగుతుంది. ఆ మోతల్లో తేడాలు చెవికి పట్టడానికి నెలలు పడతాయి. ఇంగ్లండు పొలాల్లో సెలవు రోజుల్లో పాత నాణేలు వెతికేవాళ్లు, ఆస్ట్రేలియా బంగారు నేలల్లో తిరిగేవాళ్లు, మందుపాతరలు తొలగించే దళాలు, అందరికీ మొదటి పాఠం వినడమే.

కర్ర చివర పళ్లెంలా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు. మామూలుగా అందులో రెండు తీగచుట్టలుంటాయి. మొదటి చుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించి, క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం సోకిన లోహంలో సుడి ప్రవాహాలు లేస్తాయి. వాటికీ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది, రెండో చుట్ట దాన్ని పసిగడుతుంది. పంపిన తరంగం కంటే తిరిగొచ్చినది కాస్త వెనకబడి ఉంటుంది. ఎంత వెనకబడిందన్నది లోహం రకాన్ని బట్టీ, వస్తువు పరిమాణాన్ని, ఆకారాన్ని బట్టీ మారుతుంది. తెర మీద కనిపించే అంకె, చెవిలో పడే స్వరం రెండింటికీ మూలం ఈ ఆలస్యమే. చాలా యంత్రాల్లో ఇనుముకు బొంగురు మోత, వెండికీ రాగికీ సన్నని హెచ్చు స్వరం వచ్చేలా అమరిక ఉంటుంది.

కొత్తవాళ్లను తికమక పెట్టేది ఈ రెండింటి మధ్యనున్న ప్రదేశం. పల్చని బంగారు ఉంగరం, నలిగిన అల్యూమినియం రేకు, కూల్‌డ్రింకు డబ్బా మీద లాగి తీసే చెవి, ఇవన్నీ దాదాపు ఒకే స్వరంలో పలుకుతాయి. రేకు ముక్కల పీడ వదిలించుకోవాలని ఆ స్వరాలను యంత్రంలో మూసేస్తే బంగారం కూడా వాటితోపాటు మూగబోతుంది. ఏ ఖరీదైన యంత్రమూ ఈ చిక్కు నుంచి పూర్తిగా బయటపడలేదు.

లోతు విషయంలో చాలామందికి ఉండే ఊహ వేరు, భౌతికశాస్త్రం చెప్పేది వేరు. క్షేత్రం కాయిల్ నుంచి దూరమయ్యేకొద్దీ వేగంగా పలచబడుతుంది. లోహం నుంచి తిరిగొచ్చే జవాబూ అలాగే పలచబడుతుంది. రెండూ కలిసేసరికి, కాయిల్ వెడల్పు కంటే చాలా లోతున ఉన్న చిన్న వస్తువు విషయంలో దూరం రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. అందుకే మామూలు యంత్రం ఒంటరి నాణేన్ని జానెడు లోతుకు అటూ ఇటూ మాత్రమే పసిగట్టగలదు. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, కింగోవర్ దగ్గర, డిటెక్టరుతో దొరికిన ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ బంగారు ముద్ద 27 కిలోల పైచిలుకు బరువు ఉంది. అంతటిదీ అడుగు లోతుకు మించి లేదు. పది అడుగుల కింద లంకెబిందెలను చూపిస్తామని అమ్మే యంత్రాల ప్రకటనలు చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

ఈ లెక్క నుంచే మొదటి ఆచరణ సూత్రం పుడుతుంది. కాయిల్ నేలకు ఎంత దగ్గరగా నడిస్తే అంత మేలు. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు చాలు. కొత్తవాళ్ల చేయి ఊపు చివర తెలియకుండానే పైకి లేస్తుంది. మధ్యలో నేలను రాసుకుంటూ వెళ్లిన కాయిల్ కుడి, ఎడమ చివర్లలో జానెడు ఎత్తుకు పోతుంది. అంటే ప్రతి ఊపులోనూ రెండు కొసల దగ్గర నేల వెతకనట్టే. మణికట్టుతో కాకుండా భుజంతో, నడుముతో ఊపితే కాయిల్ నేలకు సమాంతరంగా ఉంటుంది. కర్ర పొడవును ఎవరి ఎత్తుకు తగ్గట్టు వారు సరిచేసుకోవాలి. వంగి నడవాల్సి వస్తే గంట తిరక్కుండానే నడుము పట్టేసి ఊపు చెడిపోతుంది.

లోతుకు పోయేకొద్దీ క్షేత్రం వెడల్పు తగ్గుతుంది. కొన్ని కాయిళ్లలో అది గరాటు ఆకారంలో, ‘డబుల్ డి’ అనే రకంలో కత్తి అలుగు ఆకారంలో కిందికి దిగుతుంది. ఒక ఊపుకూ తర్వాతి ఊపుకూ మధ్య పూర్తి అడుగు వేస్తే లోతున ఉన్నవి తప్పిపోతాయి. కాయిల్ వెడల్పులో సగమైనా మునుపటి ఊపు మీద పడేలా నడవాలి. నిదానంగా నడిచినవాళ్లకు ఎక్కువ దొరుకుతాయని అనుభవజ్ఞులంతా అనే మాటలో ఏ మర్మమూ లేదు. ఎకరం పొలాన్ని పూటలో చుట్టేసినవాళ్లు నిజానికి ఆ ఎకరంలో కొన్ని చారలను మాత్రమే వెతికినట్టు.

యంత్రాన్ని నేలకు అలవాటు చేయడం తర్వాతి మెట్టు. మట్టిలోనూ ఇనుప ఖనిజం ఉంటుంది. ఎర్రనేలల్లో మరీ ఎక్కువ. నేలే యంత్రానికి లోహంలా వినిపిస్తే నాణెం మోత అందులో కలిసిపోతుంది. దీన్ని సరిచేసే ఏర్పాటును గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని చోట కాయిల్‌ను నేలకు దగ్గరగా తెస్తూ, పైకి ఎత్తుతూ ఉంటే యంత్రం ఆ మట్టి స్వభావాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే పొలంలో మట్టి రంగు మారిన చోట మళ్లీ చేయాలి. సముద్రపు తడి ఇసుకలో మరో చిక్కు ఉంది. ఉప్పునీరు స్వయంగా విద్యుత్ వాహకం. అలాంటి చోట ఆగి ఆగి విద్యుత్ పల్సులు పంపి, వాటి మధ్య విరామంలో వినే పల్స్ ఇండక్షన్ యంత్రాలు బాగా పనిచేస్తాయి. అవి లోతుకు వెళ్తాయి కానీ, ఇనుమునూ బంగారాన్నీ వేరుచేసి చెప్పడంలో బలహీనమైనవి.

సెన్సిటివిటీ అన్న మీటను చివరిదాకా తిప్పడం దాదాపు ప్రతి కొత్తవారి చేతా జరిగేదే. ఎక్కువ పెడితే ఎక్కువ దొరుకుతుందన్న ఊహ అది. అలా చేసినప్పుడు కరెంటు తీగలు, మొబైల్ ఫోను, పక్కవాడి యంత్రం, అన్నీ ఒక్కసారిగా వినిపించి చెవి హోరెత్తుతుంది. ఆ హోరు ఆగేదాకా తగ్గించి, నిశ్శబ్దం వచ్చిన చోట మీటను నిలపాలి. హెడ్‌ఫోన్ లేకుండా గాలిలో పని చేసేవాళ్లు లోతున ఉన్న వస్తువుల సన్నని మోతను పోగొట్టుకుంటారు.

చుట్టుపక్కల లోహం ఎంత చేటు చేస్తుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగి, తూటా ఒంట్లో ఉండిపోయింది. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇండక్షన్ బ్యాలెన్స్ అనే సాధనాన్ని సిద్ధం చేసి తెచ్చాడు. పరీక్షల్లో అది చక్కగా పనిచేసింది, అధ్యక్షుడి పడక దగ్గర మాత్రం గందరగోళంగా మోగింది. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాక శవపరీక్షలో తూటా ఎడమవైపు బయటపడింది. సాధనం మంచిదే. దాన్ని నడిపే పరిస్థితులే అడ్డుపడ్డాయి. నేడు నేర్చుకునేవారికీ ఇందులో పాఠం ఉంది. ఉక్కు కాపు ఉన్న బూట్లు, చేతి గడియారం, జేబులో తాళాలు, పక్కన పెట్టిన పార, ఇవన్నీ ఆ పరుపు స్ప్రింగుల కోవకే చెందుతాయి. ‘అది అక్కడ ఉండదు’ అని ముందే తీర్మానించుకోవడం అంతకంటే పెద్ద అడ్డు.

అసలు సాధన పెరట్లోనే మొదలుపెట్టవచ్చు. తెలిసిన వస్తువులను, అంటే వేర్వేరు నాణేలు, ఇనుప మేకు, రేకు ముక్క, ఒక ఉంగరం, వేర్వేరు లోతుల్లో పాతిపెట్టి గుర్తులు పెట్టుకోవాలి. కాయిల్‌ను ఒక్కొక్క దాని మీదుగా పదేపదే నడిపి మోత వినాలి. తర్వాత తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా నడిపి మళ్లీ వినాలి. గుండ్రటి నాణెం ఏ వైపు నుంచి విన్నా ఒకేలా, తెగకుండా, గుండ్రంగా మోగుతుంది. పొడవాటి మేకు ఒక వైపు నుంచి తెగి తెగి వినిపించి, ఇంకో వైపు నుంచి హఠాత్తుగా హెచ్చు స్వరంతో ఆశ పెడుతుంది. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో తట్టి మోతను బట్టి పగులు పసిగడతారు, డిటెక్టరు చెవి కూడా అలా తయారు కావలసిందే. అంకెను నమ్ముకున్నవాళ్ల కంటే మోత నిలకడను నమ్ముకున్నవాళ్లు త్వరగా ఎదుగుతారు. అంకె లోతును బట్టి, మట్టి తేమను బట్టి, పక్కనే మేకు ఉంటే దాన్ని బట్టి ఊగుతుంది. అన్ని దిక్కుల నుంచీ నిలకడగా పునరావృతమయ్యే మోత చాలా అరుదుగా మోసం చేస్తుంది.

పొలంలో అడుగుపెట్టాక మొదటి కొన్ని వారాలు ప్రతి మోతనూ తవ్వి చూడడం మంచి పద్ధతి. చెత్త అని తోచినదాన్ని వదిలేస్తే, అది నిజంగా చెత్తో కాదో ఎప్పటికీ తేలదు, చెవికి కొత్తగా ఏమీ తెలియదు. తవ్వేముందు ‘ఇది ఫలానా అయి ఉంటుంది’ అని ఊహించి, తవ్వాక సరిపోల్చుకునే అలవాటు, దాన్ని చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఇతరులకు ఏళ్లు పట్టేదాన్ని ఒక్క సీజన్లో నేర్చుకుంటారు. మందుపాతరలు తొలగించేవాళ్లకు ఇది ప్రాణసూత్రం. వాళ్ల యంత్రానికి వినిపించే వాటిలో అత్యధిక భాగం తూటా తొడుగులు, రేకులు, తీగముక్కలే. అయినా ప్రతి మోతనూ బాంబుగానే ఎంచి మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతారు.

ఇనుప చెత్త దట్టంగా ఉన్న పాత ఊళ్ల జాగాల్లో పెద్ద కాయిల్ పనికిరాదు. అది ఒకేసారి మూడు నాలుగు వస్తువులను విని ఒకే గొణుగుడుగా వినిపిస్తుంది. మేకు పక్కనున్న నాణెం మేకు చాటున దాగిపోతుంది. చిన్న కాయిల్ లోతు తక్కువే చూసినా వాటిని విడదీయగలదు. ‘ఈ పొలం ఖాళీ అయిపోయింది’ అని అందరూ వదిలేసిన చోట చిన్న కాయిల్‌తో నిదానంగా నడిచినవారికి మంచివి దొరకడం తరచూ జరిగేదే.

మోత వచ్చిన చోటును కచ్చితంగా గుర్తించడం ఇంకో నైపుణ్యం. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కాయిల్ నడిపి, మోత గరిష్ఠంగా వచ్చిన గీతలు రెండూ ఖండించుకునే చోటును పట్టుకోవాలి. ఇది రాకపోతే నాణేనికి చెయ్యెడు దూరంలో పెద్ద గుంట తవ్వుతారు, చివరికి పార అంచు నాణెం మీదే పడుతుంది. గడ్డి నేలలో మూడు వైపులా కోసి, నాలుగో వైపును తలుపు బందులా వదిలి పెళ్లను మడవాలి. తవ్విన మట్టిని గుడ్డ మీద పోయాలి. వస్తువు దొరికాక గుంటలో ఇంకోసారి విని, మట్టి నింపి, పెళ్లను తిరిగి మూసి కాలితో అదమాలి. గుంట ఉన్న చోటు మళ్లీ కనిపించకూడదు. భూమి యజమాని మరోసారి రానిస్తాడా లేదా అన్నది దొరికిన నాణెం మీద కంటే మూసిన గుంట మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పశువులు మేసే పొలంలో తెరిచి వదిలిన గుంట ఒక ఆవు కాలు విరగ్గొట్టగలదు.

ఐరోపా నేలల్లో ఇంకో జాగ్రత్త ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల పేలని గుండ్లు ఇప్పటికీ పైకి వస్తూనే ఉన్నాయి. గుండు ఆకారం కనిపించగానే చేతులు వెనక్కి తీసుకుని, చోటు గుర్తుపెట్టి, దూరంగా వెళ్లి పోలీసులకు చెప్పాలి.

దొరికిన వస్తువును అక్కడికక్కడే వేళ్లతో రుద్దాలన్న కోరిక బలమైనది, దాన్ని ఆపుకోవడం నేర్చుకోవాలి. మట్టిలోని ఇసుక రేణువులు మెత్తటి వెండి మీద గీతలు పెడతాయి. రాగి, కంచు మీద శతాబ్దాలుగా ఏర్పడిన పచ్చని పొరలోనే తరచూ అక్షరాలు, బొమ్మలు నిలిచి ఉంటాయి. ఆమ్లాలు వాడి తోమితే పొరతోపాటు అవీ పోతాయి. అంటిన మట్టితోనే మెత్తగా చుట్టి, విడి సంచిలో పెట్టి, సంచి మీద తేదీ, చోటు రాయాలి.

ఈ విద్య మొత్తంలో ముఖ్యమైనది ఆ చోటు రాయడమే. 1876 జూన్ 25న అమెరికాలోని మోంటానా ప్రాంతంలో, లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర, సైన్యాధికారి కస్టర్ నాయకత్వంలోని సైనికులు లకోటా, షయాన్, అరాపహో వీరుల చేతిలో ఓడిపోయారు. కస్టర్ వెంట ఉన్న దళంలో ఎవరూ మిగల్లేదు. నది దగ్గరి ఆ కొండ మీద ఏం జరిగిందన్న విషయంలో వందేళ్లపాటు కథలు పెరిగాయి. 1983లో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడ్డాక, 1984లో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురాతత్త్వవేత్తలు డిటెక్టర్లలో చేయి తిరిగిన స్వచ్ఛంద కార్యకర్తలను పిలిచారు. వాళ్లు వరుసగా నడుస్తూ మోత వచ్చిన చోటల్లా చిన్న జెండా గుచ్చారు, తవ్వలేదు. వెనక వచ్చిన జట్టు జాగ్రత్తగా మట్టి తీసింది. మూడో జట్టు ప్రతి తూటా, ప్రతి తొడుగు పడి ఉన్న చోటును కొలిచి పటంలోకి ఎక్కించింది. తుపాకీ సూది తూటా తొడుగు మీద వదిలే గుర్తు ఒక్కో తుపాకీకి ఒక్కో రకం. ఆ గుర్తులను పోల్చి, ఒక్కో తుపాకీ కొండ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో వెతికి పట్టుకోగలిగారు. సైనికుల చేతిలో ఒక్కో తూటా నింపుకునే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులుంటే, ఎదుటివారిలో కొందరి చేతిలో వరసగా కాల్చగల హెన్రీ, వించెస్టర్ తుపాకులున్నాయని నేలే సాక్ష్యం చెప్పింది. అవే తూటాలను ఎవరో సరదాకు ఏరుకుని డబ్బాలో పోసి ఉంటే అవి పాత సీసం ముక్కలుగా మిగిలేవి. సంతలో వాటి ధర ఏమీ మారదు, యుద్ధం కథ మాత్రం చెరిగిపోయేది.

ఇంగ్లండులోని సఫొక్‌లో హాక్సన్ గ్రామం కథ ఇంకో రకం. 1992 నవంబరు 16న ఎరిక్ లాజ్ అనే ఆయన, పొలంలో స్నేహితుడు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టరుతో వెతుకుతూ రోమన్ బంగారు, వెండి వస్తువుల మీదికి వచ్చాడు. కొన్ని తీశాక ఆగాడు. భూమి యజమాని అయిన కౌంటీ కౌన్సిల్‌కు, పోలీసులకు చెప్పాడు. మరుసటి రోజే పురాతత్త్వవేత్తలు వచ్చి మిగతాదంతా ఉన్నది ఉన్నట్టుగా తీశారు. 15 వేలకు దగ్గరగా నాణేలతోపాటు, వాటిని పెట్టిన చెక్కపెట్టె జాడ, లోపలి చిన్న పెట్టెల బుల్లి వెండి తాళాలు, వస్తువుల మధ్య గుడ్డా గడ్డీ పెట్టి సర్దిన తీరు తెలిశాయి. అయిదో శతాబ్ది ఆరంభంలో, రోమన్ పాలన కూలుతున్న రోజుల్లో, ఎవరో ఆత్రంతో కాక శ్రద్ధగా తమ సంపదను దాచుకున్నారని ఆ సర్దుబాటే చెప్పింది. అదంతా ఒక మనిషి సమయానికి బొరిగె కింద పెట్టినందువల్ల మిగిలింది. సుత్తి కూడా దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం సొత్తు.

దున్నిన మట్టి లోతు దాటాక ఏదైనా కనిపిస్తే, లేదా ఒకే చోట వరసగా నాణేలు వస్తుంటే ఆగి నిపుణులను పిలవాలన్నది అక్కడి అభిరుచిపరులకు నేర్పే నియమం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 ట్రెజర్ చట్టం ప్రకారం, నిధి అనదగ్గది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి తెలపాలి. మ్యూజియం తీసుకుంటే దాని విలువ కట్టి చెల్లిస్తారు, మామూలుగా ఆ సొమ్మును నిధి కనుగొన్నవారూ భూమి యజమానీ పంచుకుంటారు. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీం కింద, నిధి కాని చిన్న వస్తువులను కూడా స్వచ్ఛందంగా చూపించి నమోదు చేయిస్తారు. అలా చేరినవి 15 లక్షలు దాటాయి. దాచినవాళ్లూ ఉన్నారు. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో వైకింగుల కాలపు నిధిని గుట్టుగా అమ్ముకున్న ఇద్దరికి 2019లో కోర్టు ఏళ్ల తరబడి జైలుశిక్ష వేసింది. ఆ నాణేల్లో ఎక్కువ భాగం నేటికీ దొరకలేదు. రాజు ఆల్‌ఫ్రెడ్ కాలం గురించి అవి చెప్పగలిగింది వాటితోపాటే పోయింది.

చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. విదేశాల్లో స్థిరపడి సరదాగా ఈ యంత్రం కొనుక్కునే తెలుగువారు ముందు తెలుసుకోవలసింది అదే. ఇంగ్లండులో భూమి యజమాని అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు, రక్షిత కట్టడాల స్థలాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా డిటెక్టరు వాడడమే నేరం. స్కాట్లండులో దొరికిన ప్రతి పాత వస్తువు మీదా రాజ్యానికి హక్కుంది. అమెరికా జాతీయ పార్కుల్లో వాడకానికి సిద్ధంగా డిటెక్టరును వెంట ఉంచుకున్నా తప్పే.

భారతదేశంలో 1878 నాటి నిధుల చట్టం నడుస్తోంది. పది రూపాయల విలువకు మించిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే జైలు, జరిమానా. నూరేళ్లు దాటిన పురావస్తువుల ఎగుమతిని, లైసెన్సు లేని అమ్మకాన్ని 1972 చట్టం నిషేధించింది. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేని తవ్వకం 1958 చట్టం కింద నేరం. అయినా తెలుగు నాట గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్ల గర్భాలయాలు పగలగొట్టడం, విగ్రహాల పీఠాల కింద తవ్వడం ఆగలేదు, ఆ ముఠాల దగ్గర డిటెక్టర్లు కూడా పట్టుబడుతున్నాయి. రాతికి పగులు పడ్డ గుడి మళ్లీ అతకదు. యంత్రం మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి ఇక్కడ పెరటి సాధన ఉంది, పొలంలో జారిపోయిన నాగటి కర్రు, ఇసుకలో పోయిన ఉంగరం వెతికే పని ఉంది. అనుకోకుండా పాతది ఏదైనా మోగితే, దాన్ని కదపకుండా చోటు గుర్తుపెట్టుకుని, తహసీల్దారు ద్వారా కలెక్టరుకూ, రాష్ట్ర పురావస్తు శాఖకూ కబురు పెట్టాలి.